మేర వద్దన్న చెయ్యి

ఊరి కావలివాళ్లకు ఇకమీద రైతులే కల్లాల్లో వడ్లలో వాటాగా మేర కొలిచి పెట్టాలా, సర్కారే నెలజీతం ఇవ్వాలా అని నిజాం సర్కారు రాజ్యమంతటా ఊరూరా చేతులెత్తించి అడిగింది. జనాన్ని ఏనాడూ ఏదీ అడగని సర్కారుకు ఆ ఏడు ఏ పురుగు కుట్టిందో! ఇబ్రహీంపట్నంలో ఆ సంగతి చాటే పని కావలివాడు ఇస్తారి మీదే పడింది. తన తిండి మీద తానే డప్పు కొట్టుకున్నాడు పాపం.

ఇస్తారికి మేరంటే ఒట్టి వడ్ల వాటా కాదు. పెళ్లాం ఈదమ్మ గత్తర రోగంలో పోయాక అతని గుడిసెలో రెండో గొంతు లేదు. పిల్లలూ లేరు. ఊరు అతనితో మాట్లాడేది పని చెప్పడానికే. కోతలొస్తే మాత్రం ప్రతి కల్లమూ అతనిదే. రాశికి కాపలా ఉండి, రైతులతో పాటు జొన్న గటక తిని, వాళ్ల పోట్లాటలకు పెద్దమనిషై, ఆఖరున మేర మూటగట్టుకుని లేచేవాడు. మేర పోతే ఆ కూర్చోవడమూ పోతుందని అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

చావడి ముందు చేతులన్నీ జీతానికే లేచాయి. వడ్లు మిగులుతాయంటే ఏ రైతుకు చేదు? అయినా అంతా స్వార్థమే అంటే కళ్లు పోతాయి. ఇస్తారి బాగుపడతాడని సంతోషించినవాళ్లూ ఉన్నారు.

"నీ మాటేంది ఇస్తారీ?" అన్నాడు కిష్టా పటేలు.

"కల్లం కల్లం తిరిగి చెయ్యి చాపుడు తప్పుతది. ఇంకేం గావాలె?" అంది సుగుణమ్మ. మొగుడు పోయినా సేద్యం విడవని మనిషి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కానీ నాకు కావలసింది వడ్లు కాదు, మీరు అని నిండు చావడిలో ఎట్లా అడుగుతాడు? తనూ చెయ్యెత్తాడు. అందరూ మెచ్చుకున్నారు.

రాజ్యమంతటా జీతమే ఖాయమైంది. ఆ ఏడు కోతలకు అతన్నెవరూ పిలవలేదు. చెడ్డతనం కాదు, అవసరం లేదనుకున్నారు. ఉండబట్టలేక ఓ సాయంత్రం సుగుణమ్మ కల్లం కాడికి పోయి ఓ పక్కన నిలబడ్డాడు. కూలివాళ్లు గటక కుండ చుట్టూ చేరి నవ్వుకుంటున్నారు.

"ఏంది ఇస్తారీ, జీతం రాలేదా?" అంది సుగుణమ్మ.

"వచ్చిందమ్మా."

"మల్ల వడ్లు గావాల్నా? చాటెడు పొయ్యమంట."

"వద్దమ్మా."

"మరెందుకొచ్చినవ్?"

నిజంగానే తెలియక అడిగింది. ఎత్తిపొడుపైనా బాగుండేది, ఏదో ఒకటి బదులు చెప్పేవాడు.

"కచేరికి పోతున్న. తోవల జర ఆగిన."

"గట్లనా? పో మల్ల, పొద్దువోతది."

కచేరిలో ఆ పూట అతనికి పనేమీ లేదు. గుడిసె రెండో దిక్కున ఉంది. అయినా నోటితో అన్నాక తప్పదు గదా, వాళ్లు చూస్తుంటారని కచేరి తోవే పట్టి నడిచాడు. చాలా దూరం పోయాక వెనక్కి తిరిగాడు.

ఎవరూ చూడటం లేదు.