జారుముడి

నేల మీద ఎండిపోయిన కాఫీ మరకను వీరరాఘవులు మాప్‌తో రెండోసారి రుద్ది తుడిచాడు. మాప్ పిండి గోడకు ఆనించి, నడుము మీద చేతులు పెట్టుకుని హాలంతా కలయజూశాడు. పొడుగాటి బల్లలు, వాటి మీద ఎర్ర కాగితాలు, మూలన పేర్చిన మడత కుర్చీలు. ఆయన పొట్టి మనిషి, అరచేతులు మాత్రం పెద్దవి. మొన్నటి చలికాలం నుంచీ ఆ చేతులకు వణుకు పట్టుకుంది. పని చెబితే కాస్త తగ్గుతుంది కనుక వాటిని ఖాళీగా ఉంచడు.

విన్నిపెగ్‌లోని ఆ కమ్యూనిటీ సెంటర్‌లో ఆయన క్లీనర్. ఇవాళ జూలై ఒకటి, కెనడా డే. ఆయన ఉద్యోగానికీ ఇదే ఆఖరి రోజు. కూతురు మీనాక్షికి టొరంటో వైపు ఉద్యోగం వచ్చింది, మిల్టన్‌లో ఇల్లు తీసుకుంది. సాయంత్రం కారులో బయల్దేరాలి. "అక్కడికొచ్చాక కూడా మాప్ పట్టుకున్నావంటే ఊరుకోను నాన్నా" అని ముందే చెప్పేసింది.

సెంటర్ ప్రెసిడెంట్ ఓల్గా డెబ్బై దాటిన మనిషి. ఆవిడ తాతలు యుక్రెయిన్ నుంచి వచ్చారట. నోరు తెరిస్తే పార్కింగ్ అవతలి వాళ్లు కూడా తిరిగి చూస్తారు. నిన్న ఒక కొత్త జెండా తెచ్చి, పాతది తీసేసి ఇది ఎక్కించమని రాఘవులు చేతిలో పెట్టింది. ఈ ఆవరణలో జెండా ఏడాది పొడుగునా స్తంభం మీదే ఉంటుంది. వానకు తడిసినా, మంచుకు గడ్డకట్టినా, అంచులు పీలికలైనా ఎవరూ దించరు. చేరిన కొత్తలో అది చూసి ఆయనకు అన్నం సహించలేదు. జెండాను రాత్రంతా బయట వదిలేస్తారని ఆయన ఎన్నడూ వినలేదు మరి.

రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు అటెండరు ఆయన. పంద్రాగస్టుకీ, జనవరి ఇరవయ్యారుకీ జెండా కట్టే పని ఆయనదే. ముందురోజు సాయంత్రం భార్య శాంతమ్మ గడపలో కూర్చుని బంతిపూల రేకలు తుంచి పళ్లెంలో పోసేది. ఆయన జెండా మడతల్లో ఆ రేకలు నింపి, చుట్టి, తాడుతో జారుముడి వేసి పైకి ఎక్కించేవాడు. తెల్లారాక హెడ్మాస్టరో, సర్పంచో, ఎమ్మెల్యే బావమరిదో వచ్చి తాడు లాగేవాడు. పూలు రాలేవి, జెండా విచ్చుకునేది, చప్పట్లన్నీ లాగినవాడికి. చప్పట్ల మీద రాఘవులుకు ఏనాడూ ఆశ లేదు. ఆ తాడు ఒక్కసారి తన చేత్తో లాగాలని మాత్రం చచ్చేంత కోరిక. అది శాంతమ్మకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. "అటెండరు లాగితే పూలు రాలనంటాయా ఏంటి?" అని నవ్వేది ఆవిడ.

శాంతమ్మ పోయిన ఏడు ముడి విడలేదు. హెడ్మాస్టరు లాగుతూనే ఉన్నాడు, పైన జెండా బిగుసుకుని ఉండిపోయింది, పిల్లలు కిసకిసమని నవ్వారు. నిచ్చెన తెప్పించి దించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్లీ జెండా కట్టలేదు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇన్నేళ్లుగా ఆయన్ని తినేస్తోంది.

ఇప్పుడు స్టోర్ రూములో బల్ల తుడిచి, కొత్త జెండా పరిచాడు. పక్కన స్టీలు డబ్బా మూత తీశాడు. నిండా పియోనీ అనే పూల రేకలు, గులాబీ రేకల కన్నా పెద్దవి. పొద్దున్నే ఇంటి ముందు పొదల కింద ఏరుకొచ్చాడు.

"ఏం చేస్తున్నరు అంకుల్? ఓల్గా జస్ట్ చేంజ్ చేయమన్నది కదా" అంటూ ధాత్రి లోపలికొచ్చింది. చదువుకోవడానికి వరంగల్ నుంచి వచ్చిన పిల్ల, ఇక్కడి వంటింట్లో పార్ట్‌టైమ్ చేస్తుంది. చదువు కావచ్చింది. ఆ తర్వాత ఇక్కడ ఉండనిస్తారో లేదో అని దిగులు.

"పండగపూట పూలు లేకుండా ఎట్టా ఎక్కిస్తామమ్మా?"

"ఇక్కడ పూలు పెట్టరు అంకుల్."

"పెట్టకూడదని ఎవరన్నా చెప్పారా?"

ధాత్రి తలుపు వంక చూసింది. "బయట గాలి మస్తుగుంది. మీ చేతులు మళ్ల..." అని మధ్యలో ఆపేసింది.

రాఘవులు తన చేతుల వంక చూసుకున్నాడు. ముడి వదులైతే పైకి వెళ్లకముందే గాలి విప్పేస్తుంది. బిగుతైతే అప్పటి కథే. తన మతిమాలిన పనికి ఓల్గా నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఆ కొత్త జెండాను మామూలుగా ఎక్కించేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆఖరిసారి కట్టిన ముడి విడలేదన్న మాటతో బతుకు ముగిసిపోవడం ఆయనకు ఇష్టం లేదు. రేకలు మడతల్లో పోశాడు. ధాత్రిని ఒక కొస పట్టుకోమని, తాడు చుట్టి, మడిచి, దూర్చి, ఊపిరి బిగబట్టి ముడి వేశాడు. పాత జెండా దించి, ఆ మూటను స్తంభం మీదికి ఎక్కించాడు.

పది గంటలకల్లా పచ్చిక నిండిపోయింది. ఎర్ర టీషర్టులు, బుగ్గల మీద కెనడా జెండాలోని మేపుల్ ఆకు బొమ్మలు, మెడలో చిన్న జెండాలు కట్టుకున్న కుక్కలు. హాట్‌డాగ్ ఊరికే పెడతారని తెలిసి స్టూడెంట్లు బస్సుల కొద్దీ దిగారు. ఎటు విన్నా తెలుగు, పంజాబీ, గుజరాతీ. వరసల్లేవు, బెత్తం లేదు, గంటసేపు ఎండలో నిలబెట్టే ఉపన్యాసం లేదు. మొదట్లో ఇదేం జెండా పండగ అనుకునేవాడు. తర్వాత్తర్వాత ఆశ్చర్యపోయాడు. దేశం ఉందని జనం ఇంత తీరిగ్గా, పచ్చిక మీద కాళ్లు చాపుకుని సంతోషపడటం ఆయన ఇక్కడే చూశాడు.

ఓల్గా స్తంభం దగ్గరికి వచ్చి తలెత్తి చూసింది. జెండా ఉండాల్సిన చోట మూట ఉంది. "రాఘవ్, చిక్కు పడిందా?" అని కంగారుగా అడిగింది.

"నో మేడమ్. రెడీ. యూ పుల్" అని రాఘవులు తాడు అందించాడు.

మిగతాదంతా ధాత్రి ఇంగ్లీషులో చెప్పింది. ఓల్గా విన్నది. ఒకసారి మూట వంక, ఒకసారి ఆయన వంక చూసింది. మీ ఊళ్లో ఎవరు లాగుతారని అడిగింది.

"హెడ్మాస్టర్. బిగ్ పీపుల్."

"ఇక్కడ బిగ్ పీపుల్ ఎవరూ లేరు, మనమే ఉన్నాం. కట్టింది నువ్వు. నువ్వే లాగు" అని ఓల్గా తాడు తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

 రాఘవులు వంగి బూట్లు విప్పాడు, మేజోళ్లు కూడా విప్పి పక్కన పెట్టాడు. చల్లటి గడ్డి మీద నిలబడి తాడు లాగాడు.

విడలేదు.

ఎవరో గొంతు సవరించుకున్నారు. చేతులు వణుకుతున్నాయి, ఆ వణుకు తాడు పొడుగునా పైదాకా పోతోంది. శాంతమ్మా, అనుకున్నాడు. గాలి ఒక్క క్షణం తెరిపి ఇచ్చింది. తాడును కాస్త వదిలి, మళ్లీ లాగాడు.

ముడి జారింది. జెండా ఒక్క విసురుతో విచ్చుకుంది. రేకలు కిందికి రాలలేదు. మైదానాల మీదుగా వచ్చిన ఆ గాలి వాటిని ఎత్తుకుని జనం తలల మీదుగా పరిచేసింది. హాట్‌డాగ్ పొగలోకి, పిల్లల జుట్టులోకి, కుక్కల వీపుల మీదికి, ఓల్గా భుజాల మీదికి.  చంటిపిల్లలు కూడా తలలెత్తి చూస్తున్నారు.

అప్పుడు చూశాడు రాఘవులు. పచ్చిక మీద అక్కడక్కడా కూర్చున్న స్టూడెంట్లందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. ఒక చేతిలో హాట్‌డాగ్ అలాగే ఉంది, మడమలు దగ్గరికి చేరాయి, వీపులు నిటారుగా అయ్యాయి. ఒకడి చెయ్యి దానంతటదే నుదుటికి పోయింది. వాళ్లను చూసి బుగ్గల మీద ఆకు బొమ్మలున్న ముసలీ ముతకా కూడా కుర్చీల్లోంచి లేచారు. ధాత్రి ఏడుస్తోంది. ఎవరో కెనడా జాతీయగీతం ఎత్తుకున్నారు. ఇంత పెద్ద సంగతి తన చేతుల మీదుగా జరిగిందని నమ్మలేక, రాఘవులు తాడు పట్టుకుని పాట అయిపోయేదాకా అలాగే నిలబడిపోయాడు.

సాయంత్రం ఆ ముడి ఎలా వేయాలో నేర్పమని ఓల్గా పట్టుబట్టింది. ఆవిడకూ రాలేదు, ధాత్రికీ రాలేదు. మీనాక్షి కారు హారన్ కొడుతోంది. రాఘవులు తన తువ్వాలు మడిచి, డబ్బాలో మిగిలిన రేకలు అందులో పోసి, తాడు ముక్కతో చుట్టి, ముడి వేసి, స్టోర్ రూములో తాళాల పక్క మేకుకు తగిలించాడు. "ఇది చూసి నేర్చుకోండమ్మా. లాగితే తెలిసిపోద్ది" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ధాత్రి వైపు తిరిగాడు. "పొద్దుగూకాక జెండా దించి మడత పెట్టు, మర్చిపోవాకు."

జనవరిలో ఒక ఉదయం మీనాక్షి మెసేజ్ పెట్టింది, మిల్టన్‌లో నాన్న నిద్రలోనే పోయారని. ధాత్రి ఫోన్ పట్టుకెళ్లి ఓల్గాకు చూపించింది. ఇద్దరూ స్టోర్ రూములోకి వెళ్లి ఆ మూట ముందు నిలబడ్డారు.

ఆ ముడి వేయడం ఇంకా ఎవరికీ రాలేదు. మేకుకు తువ్వాలు మూట అలాగే వేలాడుతోంది, తాడు కొస కిందికి జారి, ఎవరు చెయ్యి చాపినా అందేంత ఎత్తులో ఉంది.