కుడి అంటే తాగు

ఎనిమిది నెలలుగా నోరెత్తని కెమెరా ఆ సోమవారం పొద్దున మాట్లాడింది. ఆడగొంతు, ఇంగ్లీషు మాట. పొయ్యి మీద టీ నీళ్లు పెడుతున్నదాన్ని వెనక్కి తిరిగి చూశాను.

తలుపు పైన గోడకు బిగించిన తెల్లటి చిన్న గుండు అది. రోజూ నేను పొయ్యి దగ్గరికి రాగానే కుడి వైపు తిరిగేది. ఆ రోజు తిరగలేదు. ఎదురుగోడ మీది క్యాలెండరు వైపే చూస్తూ, ఎర్రలైటు ఆర్పుతూ వెలిగిస్తూ, ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ అంటోంది.

"ఏమైందే దేవక్కా?" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది, దేవక్కకు వినపడదని.

దేవక్క నాకు తోబుట్టువు కాదు, చుట్టమూ కాదు. సత్యనారాయణపేటలో ఈ ఇంటి కింది భాగంలో రెండు గదులు ఉన్నాయి. ఒకదాంట్లో నేను, పక్కదాంట్లో ఆమె పదకొండేళ్లు అద్దెకున్నాం. ఇద్దరికీ మొగుళ్లు లేరు. జీన్స్ ప్యాంట్లు కుట్టేచోటు నుంచి మూటలు ఇంటికి వస్తాయి. కుట్ల చివర వేలాడే దారాలను చిన్న కత్తెరతో కత్తిరించి తిరిగి పంపాలి. ఆ కుప్పను మధ్యలో పోసుకుని చెరోపక్క కూర్చునేవాళ్లం. సాయంత్రానికి నలుగురు మనుషుల మాటలు మాట్లాడుకునేవాళ్లం, నాలుగు చేతులూ నీలంగా అయ్యేవి.

అక్షరాలు కూడా కలిసే నేర్చుకున్నాం. మా ఆయన పంపాపతి సండూరు గనుల లారీ తోలేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ బస్సు బోర్డులు ఆయనే చదివాడు. పోయిన తర్వాత ఒకసారి కంప్లి బస్సు అనుకుని ఎక్కి సిరుగుప్పలో దిగాను. ఆ వారమే చర్చి వెనక గదిలో కృపమణి మేడం పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెడుతోందని విని వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లడానికి సిగ్గేసి దేవక్కను లాక్కుపోయాను. నాకు యాభై రెండు, ఆమెకు యాభై ఆరు. ముందు తెలుగు చెప్పింది మేడం, ఇక్కడ బస్సు బోర్డులన్నీ కన్నడంలోనే కాబట్టి ఆ తర్వాత కన్నడం.

ఒకరోజు మేడం బోర్డు మీద 'కుడి' అని రాసి, "దేవక్కా, ఇదేందో సదువు" అంది.

దేవక్క పుట్టింది కన్నడం మాట్లాడే ఊళ్లో. కూడబలుక్కుని చదివి, మేడం మొహం చూసి, "కుడి అంటాండారు సరే. మరి టీ యాడ మేడం?" అంది.

కన్నడంలో కుడి అంటే తాగు అని. గదిలో అందరం పడీపడీ నవ్వాం. మేడం కూడా సుద్దముక్క కిందపెట్టి నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఆ మాటే టీకి పిలుపు. గోడ అవతలి నుంచి "ఏమే యంకీ, కుడి!" అని అరిచేది. నేను రెండు గ్లాసులు కడిగేదాన్ని.

తర్వాత ఆమెకు చెవులు పోయాయి. ముందు ఒకటి, ఏడాదిలో రెండోది. కొడుకు హనుమేష్‌కు దోణిమలై గనిలో ఉద్యోగం. తల్లి ఒక్కతే ఉంటోందని ఆమె గదిలో ఈ కెమెరా పెట్టించాడు. అయినా అతనికి మనసు ఒప్పక, పోయిన వేసవిలో తన క్వార్టర్స్‌కు తీసుకుపోయాడు. పోయేరోజు కెమెరాను పీకబోతే దేవక్క అడ్డం నిలబడింది.

"దీన్ని యంకి ఇంట్లో పెట్టురా. నా ఫోన్లో అది కనపడల్ల" అంది.

"నేనేం సినిమా యాక్టరునా?" అన్నాను. ఆమెకు వినపడలేదు. నా నోరు చూసి ఏదో అన్నానని మాత్రం తెలుసుకుంది.

"నువ్వు కాగితం మీద రాసి దీని ముందర పట్టుకో. నేను సదువుకుంటా. తెల్లారి టీ టైముకు దీని తల కుడికి తిప్పుతా. అప్పుడు నేను ఉండానని."

ఎందుకు కుడికి అని చేత్తో అడిగాను. ఆమె బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, తల వెనక్కి వంచి తాగినట్టు చూపించింది.

మాకు వేరే దారి లేదు. ఫోన్లో అక్షరాలు కొట్టడం ఇద్దరికీ రాదు. రెండుసార్లు వీడియో కాల్ చేశాను. వినపడకపోయినా అలవాటు కొద్దీ ఆమె ఫోన్ చెవికి ఆనించుకునేది. రెండుసార్లూ నాకు కనిపించింది ఆమె చెవే.

కెమెరా మాత్రం మాట తప్పలేదు. రోజూ పొద్దున నేను పొయ్యి దగ్గరికి పోతే చిన్నగా కర్రుమని కుడికి తిరిగేది. నేను టీ తాగి, పాత క్యాలెండర్లలోంచి ఒక కాగితం చించి దాని వెనక రాసేదాన్ని. పైన ఇంటివాళ్ల కోడలికి నెల తప్పింది. ఈసారి మూటలో అన్నీ చిన్నపిల్లల ప్యాంట్లే. నీ గదిలోకి ఎవరో సామాను దించి మూడు రోజులకే ఖాళీ చేశారు. పట్టుకుని నిలబడితే కాసేపటికి చేతులు లాగేవి. కాగితం దించి మంచం వైపు నడిస్తే అది కూడా మెల్లగా నా వెంటే తిరిగేది. చదివేసింది, ఇంక నన్ను చూస్తోంది అనుకునేదాన్ని. కొన్నిసార్లు దాని కళ్ల ముందు చీర కొంగు సర్దుకుని, "ఏంది అట్ల సూస్తాండావు?" అని కసిరేదాన్ని కూడా.

అలాంటి కెమెరా ఇప్పుడు నన్ను గుర్తుపట్టలేదు.

పైనున్న శ్రుతిని పిలిచాను. ఇంటివాళ్ల కోడలు ఆమే. కడుపుతో ఉంది, మెట్లు జాగ్రత్తగా పట్టుకుని దిగింది.

"అయ్యో, నిన్న మేము నెట్టు మార్చినాం కదవ్వా, పాతది తీసేసి కొత్త కంపెనీది పెట్టించినాం. దీనికి కొత్త పాస్‌వర్డ్ తెలీదు. అందుకే అరుస్తాండాది."

"నువ్వు సెప్పు మరి దానికి."

"సెప్తే ఇంటాదా, నీ మాదిరి మొండిది." నవ్వి కెమెరాను తీయించింది. హనుమేష్‌కు ఫోన్ చేసి ఏదో అడిగింది. పాత పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు. అతని ఫోన్లోనుంచి కెమెరాను తీసేయమని చెప్పి, నా వైపు తిరిగింది.

"రీసెట్ కొట్టల్ల అవ్వా. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లుండెనో అట్ల అయితాది. అంతా మర్సిపోతాది."

"దేవక్కను కూడానా?"

"మళ్లీ కలుపుతాలే. ఒక సూది ఇయ్యి."

గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆమెకు కంటి దగ్గర పెట్టుకుని వంగడం కష్టమై, బెజ్జం చూపించి నన్నే గుచ్చమంది. కెమెరా తలను పైకి ఎత్తితే గడ్డం కింద ఆవగింజంత బెజ్జం. పిన్నీసు మొన పెట్టి నొక్కాను. లోపల ఏదో మెత్తగా దిగింది.

"వదలొద్దు. పది లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర లైటు ఆరిపోయింది. పదికి అది నా చేతిలోనే తల అటూ ఇటూ పూర్తిగా తిప్పింది, నిద్రలేచిన బిడ్డ మెడ తిప్పినట్టు. తిప్పి మధ్యలో ఆగింది. మళ్లీ ఆ ఆడగొంతు, ఈసారి వేరే మాట.

శ్రుతి దాన్ని నా ఫోన్‌కు కలిపింది. కెమెరాను తిరిగి గోడకు ఎక్కించాక, నా ఫోన్లోనే నా గది కనిపించింది. మంచం, మూట, పొయ్యి, నీళ్ల బిందె. పైనుంచి చూస్తే నా నడినెత్తి ఎంత తెల్లబడిందో అప్పుడే చూశాను. దేవక్క ఫోన్లో కూడా ఇదే కనిపించేలా పెట్టమని హనుమేష్ నంబరుకు లింకు పంపింది.

"ఇంగ ఒకటే మిగిలింది. ట్రాకింగ్ ఆఫ్‌లో ఉండాది. ఆన్ చేయాల్నా?"

"అట్లంటే ఏంది?"

"అదే అవ్వా, నువ్వు యాడ పోతే ఆడికి తల తిప్పుతాది సూడు. మనిషి కదిలితే దానంతట అదే తిరుగుతాది. ముందు ఆన్ ఉండె కదా, నేను ఎన్నిసార్లు సూడలేదు?"

"దానంతట అదే?"

"ఊ. మిషన్ కదా."

పొయ్యి కెమెరాకు కుడి పక్కనే ఉంది. దానికి ఎదురుగా నిలబడి చూస్తే నాకు అది ఎడమ. ఫోన్లో చూసే దేవక్కకు కుడి. ఇన్నాళ్లూ నేను పొయ్యి దగ్గరికి పోయాక అది తిరిగింది. అది తిరిగాక నేను పోయిన రోజు ఒక్కటైనా ఉందా? ఎంత తడిమినా గుర్తు రాలేదు.

"ఏమైంది అవ్వా? ఆన్ చేసేదా?"

"వద్దు" అన్నాను. "అట్లే ఉండనీ."

ఆమె పైకి పోయాక ఒక క్యాలెండరు కాగితం మీద ఎప్పటిలాగే రాసి, కెమెరా ముందు కుర్చీకి ఆనించి పెట్టి, ఫోన్లో చూశాను. కాగితం తెల్లగా కనిపించింది. అక్షరాలు చీమలబారు. నేను రాసిందే నాకు చదవరాలేదు. ఎనిమిది నెలలు నేను ఆమెకు చూపించింది తెల్ల కాగితాలే అన్నమాట, ఆమె చూసి ఉంటే.

ఆ తర్వాత ఒక్కో కాగితానికి ఒకటే మాట రాశాను. బట్టల మీద గుర్తులు పెట్టే నల్ల మార్కరుతో, కాగితం నిండా. 'దేవక్కా.' 'నేను.' 'ఉండావా?' మూడూ కెమెరా ఎదురుగోడకు వరసగా మైదాపిండి గంజితో అంటించాను. ఇంక చేతులు లాగవు.

మంగళవారం టీ పెట్టాను. కెమెరా కదలలేదు. పొయ్యి నుంచి మంచానికి, మంచం నుంచి తలుపుకు నడిచాను. అది గోడనే చూసింది. ఇదివరకు గదిలో ఇద్దరం తిరుగుతున్నట్టు ఉండేది. ఇప్పుడు నా కాళ్ల చప్పుడు ఒక్కటే.

బుధవారం హనుమేష్‌కు ఫోన్ చేశాను. వెనకాల యంత్రాల మోత.

"అమ్మ ఫోన్‌కు ఎక్కించినా చిన్నమ్మా, నిన్నే. సూపించినా కూడా."

"సూస్తాంటాదా అప్పా? ముందు కూడా సూస్తాండెనా?"

"నేను పొద్దున డ్యూటీకి వస్తే సందకాడ పోతా. ఫోనైతే ఆమె దగ్గరే ఉంటాది. సూస్తాదో, దిండు కింద పెట్టుకుంటాదో నాకేం తెలుస్తాది?" ఫోన్ పెట్టేసే ముందు, "అమ్మ ఇప్పుడు ఎక్కువ మాట్లాడదు చిన్నమ్మా" అన్నాడు.

నువ్వొకసారి అడిగి చెప్పు అనబోయాను. అనలేదు. లేదు అని చెబితే ఆ తర్వాత నేను పొద్దున ఎవరి కోసం లేవాలి?

శుక్రవారం శ్రుతి అన్నం, పులుసు తెచ్చింది. గోడ మీద అక్షరాలు చదివింది. "ఆన్ చేసేస్తా అవ్వా, ఒక్క నొక్కు నొక్కితే అయిపోతాది" అంది మెల్లగా. ఆ మాట తియ్యగా వినిపించింది. ఒక్క నొక్కు. రేపు పొద్దున అది మళ్లీ నా వైపు తిరుగుతుంది. నేను మళ్లీ కొంగు సర్దుకోవచ్చు, కసరవచ్చు. ఫోన్ ఆమె చేతికి ఇచ్చాను కూడా. ఇచ్చి మళ్లీ లాక్కున్నాను.

"వద్దులేమ్మా. మిషన్‌తో టీ తాగేదానికి నాకేం కర్మ."

శనివారం టీ పెట్టలేదు. ఆదివారం కూడా లేవాలనిపించలేదు. చర్చిలో పాటలు మొదలై, ఆగి, జనం రోడ్డు మీద పోతున్న మాటలు కూడా అయిపోయాయి. నేను మంచం మీద గోడకు ఆనుకుని, ఒడిలో ఒక ప్యాంటు పెట్టుకుని, దారం కూడా కత్తిరించకుండా కూర్చున్నాను. ఫోన్ పక్కనే దుప్పటి మీద బోర్లా పడి ఉంది.

కర్రుమంది.

తల ఎత్తాను. కెమెరా కాస్త కదిలి ఆగింది. మళ్లీ కాస్త. చెయ్యి వణికేవాళ్లు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు, కొంచెం పోయి, ఆగి, కొంచెం పోయి. నేను దానికి ఎడమ పక్క మంచం మీద ఉన్నాను. అది నా వైపు రాలేదు. నా నుంచి దూరంగా, కుడి వైపుకు పోతోంది. మనిషి లేని పొయ్యి వైపు. పొయ్యి దగ్గర ఆగుతుందనుకుంటే ఆగలేదు, దాన్ని దాటి మూలనున్న నీళ్ల బిందె దాకా పోయి అక్కడ నిలిచింది.

నేను కదలలేదు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. మిషనే అయితే నన్ను వెతుక్కోవాలి. ఇది నన్ను వదిలేసి బిందెను చూస్తోంది. శ్రుతి పుట్టింటికి పోయింది. హనుమేష్ గనిలో ఉండే వేళ. అయినా ఇంత వంకరగా, ఇంత మొండిగా, గురి తప్పి పని చేసే చెయ్యి నాకు ఒక్కటే తెలుసు. కత్తెరతో దారం కత్తిరించబోయి ఎన్ని ప్యాంట్లకు బొక్కలు పెట్టిందో ఆ చెయ్యి.

"కుడి" అన్నాను. బయటికే అన్నాను.

లేచి టీ పెట్టాను. రెండు రోజుల తర్వాత గదిలో టీ వాసన వచ్చింది. గ్లాసు తీసుకుని మూలకు పోయి, బిందె పక్కన గోడకు ఆనుకుని, కెమెరా వైపు చూస్తూ కొంచెం కొంచెంగా తాగాను. నా మొహం ఆమెకు కనిపిస్తోందా, ఆ లోపే ఫోన్ దిండు కింద పెట్టేసిందా, తెలియదు. గ్లాసు ఖాళీ అయ్యాక బోర్లించి చూపించాను.

అది మళ్లీ వెనక్కి తిరగలేదు. కుడికి తిప్పడం వచ్చింది గాని తిరిగి మధ్యకు తేవడం ఆమెకు రాలేదేమో. ఇవాళ బుధవారం. ఇంకా బిందె వైపే చూస్తోంది. నా ఫోన్లో నేనే సరిచేయవచ్చు, శ్రుతి నేర్పించింది. చేయలేదు. గోడ మీది మూడు కాగితాలూ ఊడదీసి ఆ మూలన అంటించాను. ప్యాంట్ల మూటను కూడా ఈడ్చుకొచ్చి బిందె పక్కన పోసుకున్నాను. ఇక్కడ వెలుతురు తక్కువ. దారం కనిపించాలంటే ప్యాంటును కంటి దగ్గరికి తెచ్చుకోవాలి.