కొత్త కుండ నీళ్ళు

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన సత్తు గిన్నెలా ఉంది. మబ్బు తునక లేదు, గాలి లేదు. సూర్యుడు రాకముందే రెంటచింతల మీదికి సెగ దిగింది.

నీళ్ళు పరీక్షించే సారు ధనుంజయరావు జీపు దిగి, చెన్నమ్మ ఇంటి పంచలోనే చతికిలబడ్డాడు. బోరు నాలుగిళ్ళ అవతల ఉంది. ఆ నాలుగిళ్ళు ఎండలో నడిస్తే కరిగిపోయేట్టున్నాడు.

"నీళ్ళు ఇక్కడికే పట్టుకురామ్మా," అన్నాడు.

చెన్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. కూర్చున్నచోటు కదలని ఈ మనిషా తన బిడ్డకి మంచినీళ్ళు తెప్పించేది? కూతురు శౌరమ్మకి మోకాళ్ళు వంకరపోతున్నాయి. గడప దాటాలన్నా గోడ పట్టుకోవాలి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు హద్దు దాటిందని ఈయన రాస్తే వీధికి కాలవ నీళ్ళ కుళాయి వస్తుంది. రాయకపోతే అదే బోరు, అవే నీళ్ళు.

లోపలికి పోయి చెంబుడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆయన పెట్టె తెరిచాడు. ముల్లు ఊగే మీటరు, దానికి తీగతో వేలాడే నల్లటి కడ్డీ. ముందు తను తెచ్చుకున్న, ఫ్లోరైడు ఎంతుందో తెలిసిన కొలత నీళ్ళలో కడ్డీ ముంచి ముల్లు సరిచేసుకున్నాడు. తరవాత చెంబులోవి ప్లాస్టిక్ గ్లాసులో పోసి, పుల్లటి వాసన కొట్టే మందు కలిపాడు. కడ్డీని కడిగి అద్ది తుడవడం చూసి చెన్నమ్మ మొగుడు ఇన్నయ్య గొణిగాడు.

"ఏమే, చంటిబిడ్డక్కూడా అంత సేవ చెయ్యరే."

"ఆ మందెందుకు సారూ?" అంది చెన్నమ్మ.

"ఫ్లోరైడు వేరేవాటిని కరుచుకుని దాక్కుంటుంది. మందు దాన్ని విడదీస్తేగాని కడ్డీ పసిగట్టలేదు. చెబితే మాత్రం మీకు తెలుస్తుందా!"

ముల్లు హద్దుకి ఇవతలే ఆగింది.

"శుభ్రమైన నీళ్ళు. ఊరికే గోల చేస్తారు మీరు."

"అయితే నా బిడ్డ కాళ్ళు అబద్ధమాడుతున్నయ్యా? నీ ముల్లుకే కళ్ళు పొయ్యినయ్యేమో చూసుకో!"

ఆయన విసుగ్గా పారబోద్దామని గ్లాసు అందుకుని, దాన్ని పట్టుకుని ఆగాడు. "ఇంత చల్లగా ఉన్నాయేం?"

"బోరు నీళ్ళు కాలిపోతుంటయ్యి. ఇంటికొచ్చినోళ్ళకి అయ్యిస్తారా ఏంది? రాత్రే కొత్త కుండలో పోసి పెట్టా."

ధనుంజయరావు ముఖం కందగడ్డయింది. "కొత్త కుండా! ఆ మట్టి ఫ్లోరైడుని లాగేసుకుంటుంది తల్లీ! నాలుగు రోజులు పోతే ఆ గుణమూ ఉండదు. పరీక్షకి నీళ్ళడిగితే మర్యాద చేస్తావా?"

"నువ్వే పోయి పట్టుకోవాల్సింది. నీ కాళ్ళు బాగానే ఉన్నయ్యిగా!"

ఆయన లేచాడు. ప్లాస్టిక్ సీసా తీసుకుని ఎండలోకి దిగాడు. చెన్నమ్మ వెనకే నడిచింది. సీసా నిండేదాకా పంపు తనే కొట్టింది.

ఆ వేడినీళ్ళు కొలత నీళ్ళంత చల్లబడేదాకా ఆయన కూర్చున్నాడు. ఈసారి ముల్లు హద్దు దాటి అవతలికి పోయింది. రాసుకున్నాడు. తప్పయిందని ఆయనా అనలేదు, ఆవిడా అనలేదు.

పంచలోనే నలుగురికీ కంచాలు పడ్డాయి. అన్నం, గోంగూర పచ్చడి. చెన్నమ్మ చెంబు ముందుకు జరిపింది. ధనుంజయరావు దాన్ని పక్కకి నెట్టి, సంచీలోంచి తన ఫ్లాస్కు తీసి తాగాడు.

చెన్నమ్మ చూసింది. ఆ అన్నం ఏ నీళ్ళతో ఉడికిందో ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఆయన కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.