ఉన్నాదా, పోనాదా

నేను ఒక తుపాకీని. అలా వెనక్కి జరగకండి, ఎవరినీ కాల్చే ఓపిక నాకిప్పుడు లేదు. గొట్టం నిండా తుప్పు, పిడికి చెదలు, మెడకు పురికొసతో కట్టిన అట్టముక్క. పోలీసుస్టేషను సామాన్లగదిలో, చక్రాల్లేని సైకిళ్ళకూ సారా బిందెలకూ మధ్య నిలబడి ఉన్నాను. అట్ట మీద నంబరుంది గానీ పేరు లేదు. ఒకప్పుడు పేరూ ఉండేది లెండి. విశాఖ మన్యం అంచు ఊళ్ళలో నన్ను కడియం తుపాకి అనేవారు.

కడియం అంటే నా పిడి కింద వేలాడే ఇనుప చట్రం. దాన్ని కిందికి లాగితే ఖాళీ డొల్ల ఎగిరి బయట పడుతుంది, పైకి కొడితే కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది. చిటికెన వేలు దూరేంత గొట్టం నాది. సముద్రాలవతల ఎలుగుబంట్ల కోసం నన్ను తయారుచేశారట. కాఫీ తోటల దొర ఒకడు నన్ను ఈ కొండలకు తెచ్చాడు, వెళ్ళిపోయేటప్పుడు పతిరాజుగారికి ఇచ్చేశాడు. దొర నాతో కొట్టింది ఖాళీ సీసాలనే. పాపం, నేను ఎలుగుబంట్ల కోసం పుట్టానన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పతిరాజుగారు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెబితే మీరు వినరు. కొండ కింద మామిడితోట, పెంకుటిల్లు, పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా నేనూ, కూర్మారావూ. కూర్మారావు కలప డిపో కాంట్రాక్టరు, ఆయనకు ప్రాణస్నేహితుడు. వేటకు పర్మిట్లిచ్చే రోజులవి. ఆ ఇద్దరికీ రోజూ ఒకటే తగువు, నా పొట్టలో ఏ గుండు వెయ్యాలని.

మనుషుల తమాషా ఏమిటంటే చంపడంలో కూడా వాళ్ళకు రుచులుంటాయి. నా పొట్టలో తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా పడుకుంటాయి, ముందుదాని వీపుకు వెనకదాని ముక్కు ఆనుతుంది. ముక్కు మొనదేలి ఉంటే ముందుదాని మందు పొట్టలోనే పేలి పట్టుకున్నవాడి చెయ్యి ఎగిరిపోతుంది. అందుకని నాకు మొద్దుముక్కు గుళ్ళే వెయ్యాలి. అంతవరకు ఇద్దరూ ఒకటే. ఆ మొద్దుముక్కు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అన్నదగ్గర పేచీ.

"మెత్తసీసమే రైటు రాజుగారూ," అనేవాడు కూర్మారావు. "లోపలికెల్లగానే పుట్టగొడుగులాగ విచ్చుకుని అక్కడే కూకుంటాది. గుండన్నాక పని సేసిన సోటే ఉండాల. దూసుకుని ఊరేగడమేటి?"

"నీ పుట్టగొడుగు మొగపంది భుజం మీద అప్పచ్చిలా అతుక్కుపోతుంది," అనేవారు రాజుగారు. "పోయిన ఏడు ఏమైంది? ఆ దెబ్బతిన్న పంది పారిపోయి, ఎక్కడో తుప్పల్లో పడి వారం పాటు కుళ్ళి చచ్చింది. అది పాపం కాదా? ఇటునుంచి దూరిన గుండు అటునుంచి వెళ్ళిపోవాలి. జంతువుకు తెలియనే కూడదు."

చూశారా, ఆయన వాదన కూడా జాలితోనే మొదలైంది.

గట్టి గుండు కోసం రాజుగారు విజయనగరంలో మూతబడిన ఒక అచ్చాఫీసు నుంచి అరిగిపోయిన అక్షరాలు తెప్పించారు. ఆ లోహం సీసంలో కలిస్తే గుండు రాయిలా తయారవుతుందట. గంగాళంలో అచ్చులూ హల్లులూ గుణింతాలూ గలగలమంటూ పడి, కరిగి, గుళ్ళయ్యాయి. పెళ్ళి శుభలేఖలు అచ్చువేసిన అక్షరాలు నా పొట్టలోకి వచ్చి పడుకున్నాయి.

ఆ గుళ్ళ పరీక్ష మామిడితోట వెనక జరిగేది. గోనెసంచుల్లో తడి బంకమట్టి కూరి వరసగా పేర్చేవారు, ఆఖర్న ఒక పాత తలుపుచెక్క నిలబెట్టేవారు. పక్కన మట్టికట్ట చాటున తవుడని, రాజుగారి వేటలకు సాయం వచ్చే కొండవాలు రైతు కూర్చునేవాడు. నేను పేలగానే రాజుగారు కేకేసేవారు:

"తవుడూ! ఉన్నాదా, పోనాదా?"

తవుడు లేచి చెక్క చూసేవాడు. గుండు మట్టిలోనే ఆగిపోతే "ఉన్నాది బాబూ!" అనేవాడు. చెక్కకు చిల్లి పడితే "పోనాది బాబూ!" అని సంబరంగా అరిచేవాడు. గుండు పోతే రాజుగారు మీసం దువ్వుకునేవారు, ఉంటే కూర్మారావు తొడ కొట్టేవాడు. తరవాత ముగ్గురూ కూర్చుని దొరికిన గుళ్ళను కంసాలి త్రాసులో తూచేవారు. ఆ మూడు తలలూ దగ్గరగా ఉండి నవ్వుకుంటుంటే నాకు ముచ్చటగా ఉండేది. అబద్ధమెందుకు, నా బతుకులో మంచిరోజులవే.

తవుడికి ఆ పేరెందుకొచ్చిందో మీకు తెలుసో లేదో. ముందు పుట్టినవాళ్ళందరూ పురిట్లోనే పోతే, ఈ బిడ్డయినా పోకుండా ఉండాలని తల్లి వాణ్ణి చేటలో పెట్టి పొరుగింటామెకు గుప్పెడు తవుడుకు అమ్మేసింది. తరవాత మళ్ళీ తెచ్చుకుంది. తవుడు పాటి విలువ చేసేవాణ్ణి యముడు మాత్రం ఏం చేసుకుంటాడని ఆ తల్లి లెక్క. అలా మిగిలిన మనిషి కొండవాలులో చోడిచేను, అదే రాగిచేను, వేసుకుని, పైడితల్లి అనే పిల్లను చేసుకుని, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున గుడిసె కట్టుకున్నాడు.

ఆ ఏడు చోళ్ళు ఏపుగా పండాయి. వాటి మీద పడింది ఒక మొగపంది. తవుడు రాజుగారి వాకిట్లో నిలబడి తలగుడ్డ నలుపుకుంటూ చెప్పాడు.

"సగం సేను తొక్కీసినాది బాబూ. మిగతాదీ పోనాదంటే మా ఇంట్ల అంబలుండదు. మీరొచ్చీయండి."

"మట్టిని కొట్టి కొట్టి విసుగొచ్చింది," అన్నారు రాజుగారు కూర్మారావుతో. "అసలు పరీక్ష రేపు. నా గుండు పందిలోంచి వెళ్ళిపోతే నువ్వింక జన్మలో మెత్తసీసం ఊసెత్తకూడదు."

పొద్దు బారెడెక్కాక గెడ్డ దగ్గరికి చేరాం. ఇటు గట్టు మీద నేనూ వాళ్ళిద్దరూ. అటు గట్టు మీంచి తవుడు డబ్బా వాయిస్తూ పందిని కిందికి తోలాలి, తను మాత్రం గట్టు దిగకూడదు. అలాగే అనుకున్నారు. డబ్బా మోగింది. పంది గెడ్డలోకి వచ్చింది, వచ్చి ఆగింది, మా వాసన పట్టి వెనక్కి తిరిగింది. వెనకనున్నది తవుడి చేను. చేలోకి మళ్ళీ వచ్చేస్తుందని భయపడి తవుడు డబ్బా పారేసి, దాన్ని అదిలించడానికి గట్టు దిగి పరిగెత్తుకొచ్చాడు. రాజుగారికి పంది కనబడింది. పంది వెనక తుప్పలు కనబడ్డాయి. ఆ తుప్పల్లో మనిషి కనబడలేదు. నేను పేలాను.

పంది ఉన్నచోటే కూలిపోయింది. మంచి దెబ్బ. రాజుగారి నోటికి ఆ కేక అలవాటే కదా, కడియం లాగుతూనే అరిచేశారు.

"తవుడూ! ఉన్నాదా, పోనాదా?"

కాస్త ఆగి తుప్పల్లోంచి జవాబొచ్చింది.

"పోనాది... బాబూ."

రాజుగారు ఎగిరి గంతేశారు! కూర్మారావు వీపు మీద చరిచారు. గట్టు మీంచి రావలసిన గొంతు తుప్పల్లోంచి వచ్చిందే అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గెడ్డలోకి దిగారు. పందిని దొర్లించారు. గుండు దూరిన చిల్లి చూశారు, వెళ్ళిన చిల్లి చూశారు, అందులో పుల్ల పెట్టి చూశారు. కూర్మారావు ఓటమి ఒప్పుకుని చుట్ట వెలిగించి రాజుగారికిచ్చాడు. చుట్ట సగమయ్యేదాకా దాని గురించే మాట్లాడుకున్నారు. నేను రాజుగారి భుజాన వేలాడుతూ తుప్పల వైపే చూస్తున్నాను. నాకు ఒక్క శబ్దమే వచ్చు, అది అప్పటికే అయిపోయింది. ఆ చుట్ట కాలుతున్నంతసేపూ నేను పడ్డ బాధ ఏ ఇనుమూ పడి ఉండదు.

"తవుణ్ణి పిలవండి, గుండు వెతుకుతాడు. తూచాలి కదా," అన్నాడు కూర్మారావు.

పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు తట్టింది రాజుగారికి, ఇందాకటి గొంతు తుప్పల్లోంచి వచ్చిందని. తుప్పలు చీల్చుకుంటూ పరిగెత్తారు. తవుడు ఒక రాయికి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి. పంచె తడిసిపోయింది.

"అయ్యో, అయ్యో తవుడూ! చెప్పొద్దా? అరవొద్దా?"

తవుడు తప్పు చేసినవాడిలా చూశాడు.

"సెప్పేను కద బాబూ, పోనాదని. పందిలోంచి పోనాది. నాలోన ఉన్నాది."

ఎడ్లబండి మీద వేసి ఆస్పత్రికి తోలారు. కొండ దిగి ఆస్పత్రి కనబడుతుండగా తవుడు పోయాడు. పావుగంట ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడట, సరిగ్గా ఆ చుట్ట కాలినంతసేపు. మెల్లగా అన్నా రాజుగారు విన్నారు.

ఆయన ఏదీ దాచలేదు. తనే పోలీసులకు చెప్పుకున్నారు, నన్ను తనే అప్పగించారు. కేసు ప్రమాదం కింద కొట్టేశారు, నన్ను మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. చేను పక్కనున్న తన పల్లపు భూమి పైడితల్లి పేర రాసిచ్చారు. ఆమె ఆయన్ను వెతుక్కుంటూ స్టేషనుకే వచ్చింది. నన్నింకా స్టేషను గుమ్మంలోనే ఉంచారు గనక ఆ మాటలు నేనూ విన్నాను.

"బూమి సంగతి కాదు బాబూ. ఒక్క మాట సెప్పండి. మీరు కేకేస్తే ఆడు పలికినాడంట కద. మీకినబడినాదా?"

"వినబడిందమ్మా."

"మరెందుకెల్లలేదు?"

గుండు సంగతి విని సంబరపడ్డామని రాజుగారు ఆవిడతో ఎలా చెబుతారు? ఆమె చెంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఏటా ఒకసారి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పాత యజమానిని పిలిచి, ఈ తుపాకీ మీదేనా అని అడిగి వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. అలా ఏటా ఆయన్ను చూస్తున్నాను. కూర్మారావు రావడం మానేశాడు. రాజుగారు ఏటేటా వంగిపోయారు. ఇంకొకటి గమనించాను, పోయింది అన్న మాట ఆయన నోట రాదు. బస్సు వెళ్ళింది అంటారు. పెన్ను దొరకడం లేదు అంటారు. పళ్ళు ఊడాయి అంటారు. తెలుగు మాట్లాడుతూ ఆ ఒక్క మాట లేకుండా బతకడం ఎంత కష్టమో మీరు ఒక్క పూట ప్రయత్నించి చూడండి.

ఈ ఏడు మధ్యాహ్నం పూట వచ్చారు. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. నా మీద చెయ్యి వేసి తడిమారు. కడియం దగ్గర ఆ చెయ్యి ఆగింది. అంతలో పైనున్న ఫ్యాను గిరగిరలాడి నిలిచిపోయింది. వెనక గదిలో అన్నం తింటున్న కానిస్టేబులు విసుగ్గా అరిచాడు.

"పోనాది బాబూ!"

అతను అన్నది కరెంటు పోయిందని.

రాజుగారు కుర్చీ తోసేసి లేచారు.

"వస్తున్నాను తవుడూ, వస్తున్నాను!"

చేతికర్ర పట్టుకుని, గోడలు తడుముకుంటూ వెనక తలుపులోంచి దొడ్లోకి దిగారు. అక్కడ పిచ్చితుప్పలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. వాటిని కర్రతో చీలుస్తూ, ముళ్ళు చేతులు గీరుతున్నా ఆగకుండా ముందుకు వెళ్ళారు. కానిస్టేబులు ఎంగిలిచేత్తోనే పరిగెత్తుకెళ్ళి ఆయన్ను పట్టుకున్నాడు.

"ఏటి బాబూ, ఎవరికోసం? ఎవరా తవుడు?"

"ఇక్కడే ఉన్నాడు," అన్నారు రాజుగారు, తుప్పల్లోకి వంగి చూస్తూ. "పలికాడు. నువ్వు వినలేదూ?"

ఆయన్ను నెమ్మదిగా లోపలికి తెచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఆయన సంతకం పెట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా. నన్ను మళ్ళీ సారా బిందెల పక్కన నిలబెట్టి గదికి తాళం వేశారు.