ఛాతీ మీద చోటు అద్దెకు

నేను ఒక రేసింగ్ సూటుని. కారు పందెంలో డ్రైవరు మెడ నుంచి మడమల దాకా తొడుక్కునే తెల్లటి దుస్తుని. నిప్పంటుకోని బట్టతో నన్ను మూడు పొరలుగా కుట్టారు. కారు తగలబడితే, లోపలి మనిషిని బయటికి లాగేదాకా మంటను ఆపడం నా ఉద్యోగం. ఇంతవరకు మంట మొహం చూడలేదు. నేను చూసిందంతా సూదుల్నే.

నన్ను కుట్టినవాళ్ళు ఒక నియమం మాత్రం గట్టిగా పాటించారు. నడుంపట్టీ మీద డ్రైవరు పేరు, పక్కనే రక్తం గ్రూపు ఎర్రదారంతో కుట్టి ఉండాలి. స్పృహ తప్పిన మనిషిని నీది ఏ గ్రూపని అడగలేం కదా. అలా నా మీద మొదట పడ్డ పేరు విక్రాంత్, ఎ నెగెటివ్.

విక్రాంత్ ఒక గ్రానైట్ వ్యాపారి కొడుకు. పెళ్ళికి ఫంక్షన్ హాలు మాట్లాడినట్టు వాళ్ళ నాన్న సీజను మొత్తానికి ఒక టీములో సీటు మాట్లాడేశాడు. వరస మలుపుల్లో అబ్బాయికి కళ్ళు తిరుగుతాయన్న సంగతి డబ్బు కట్టాక తెలిసింది. రెండు పందేల్లో ఆఖరున వచ్చాడు. మూడో పందెంలో కారు పక్కకాపి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఒక్కసారే తొడిగాడు, పెళ్ళికి ముందు తీయించుకునే ఫొటోల కోసం. కాబోయే భార్యను టైరు మీద కూర్చోబెట్టి నవ్వించారు. ఆ ఫొటోల్లో నేను చాలా వేగంగా ఉన్నాను.

వాడు వదిలేసి వెళ్ళాక నన్ను టీము గోదాములో తగిలించారు. నీరజ అక్కడే దొరికింది నాకు.

నీరజది తెనాలి. తండ్రి డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. చిన్న పందేల్లో నెగ్గుకుంటూ వచ్చి, ఆ ఏడాది పెద్ద పందెంలో సీటు కోసం టీము వాళ్ళ పరీక్షకొచ్చింది. ఆ తరగతిలో తోలడానికి వయసు ప్రకారం ఆమెకదే ఆఖరి ఏడాది. సొంత సూటు లేకపోతే నన్ను దులిపి ఇచ్చారు. నేను ట్రాకును చూడలేను, తొడుక్కున్న మనిషి గుండెను వింటాను. విక్రాంత్ గుండె తలుపు బాదినట్టు కొట్టుకునేది. ఈ అమ్మాయి గుండె, ఒళ్ళు తెలియకుండా కారు దూసుకుపోతుంటే, కుట్టుమిషనులా ఒకే లెక్కన నడిచింది. ఆ రోజు వచ్చిన వాళ్ళందరిలోకీ ఆమే ముందు.

టీము యజమాని కిష్టారెడ్డి హైదరాబాదు మనిషి. గడియారం చూసి మెచ్చుకుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"మస్తు నడిపినవ్ బిడ్డా. గానీ కారు పెట్రోలుతోని నడుస్తదనుకుంటున్నవా? స్పాన్సరుతోని నడుస్తది. ఎవర్నన్న పట్టుకొస్తవా?"

తన కష్టం ఏమీ దాచకుండా చెప్పాడు. టైర్లు, ఇంజను, మెకానిక్కులు, లారీలు, అన్నీ కలిపితే ఒక సీటు ఖర్చుతో ఇల్లు కట్టొచ్చు. ఒక హోటళ్ళ యజమాని కొడుకు డబ్బుతో సిద్ధంగా ఉన్నాడు. తోలడం మాత్రం వాడికి ఇంకా కుదరలేదు. నీరజకు మొదటి పందెం దాకా గడువిస్తున్నాడు. ఆలోగా స్పాన్సరు దొరికితే సీటు ఆమెది, లేకపోతే వాడిది. నన్ను కూడా ఆమె చేతుల్లో పెట్టి, ఎక్కడికెళ్ళినా చూపించమన్నాడు. స్పాన్సరు పేరు వేయడానికి ఛాతీ ఖరీదైన చోటు, వీపు దానికంటే తక్కువ, చేతులు ఎవరేమిస్తే అంత.

నీరజ ఆ సాయంత్రమే విక్రాంత్ పేరు విప్పేసి, నా నడుంపట్టీ మీద తనే కుట్టుకుంది. నీరజ, బి పాజిటివ్.

అప్పటినుంచి నేను సంచిలో ఊళ్ళు తిరిగాను. వెంట నీరజ మేనమామ వీర్రాజు వచ్చేవాడు. ఆయనకు తెనాలిలో ఫ్లెక్సీలు అచ్చువేసే షాపుంది. ఎవరిని అడగబోతే వాళ్ళ పేరు బట్టముక్క మీద వేయించి, ముందే నా ఛాతీ మీద టాకాలు వేసి తీసుకెళ్ళేవాడు. బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చుని విప్పేసేవాడు.

ఒక కార్పొరేట్ కాలేజీ అధిపతి నన్ను తడిమి చూసి, అమ్మాయికి ఇంటర్లో ఎన్ని మార్కులని అడిగాడు. చెబితే, ఆ మార్కులతో తమ కాలేజీ పేరు వేసుకుని జనంలో తిరిగితే అడ్మిషన్లు పడిపోతాయన్నాడు. బోర్లు వేసే కంపెనీ వాళ్ళు డబ్బివ్వలేమని, కావాలంటే ఉచితంగా ఒక బోరు వేసి పెడతామని అన్నారు. ఎక్కడ వేయాలో వీర్రాజు రెండు రోజులు నిజంగానే ఆలోచించాడు. పట్టుచీరల షాపు యజమానురాలు అందరికంటే మంచిది. ఛాతీ, వీపు కలిపి పుచ్చుకుంటానంది. అయితే అమ్మాయి నా మీద చీర కట్టుకుని తోలాలంది.

నా ఛాతీ జల్లెడైపోయింది. ఒక మధ్యాహ్నం బస్టాండులో పునుగులు తింటూ వీర్రాజు ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఒసే నీరూ, మనం తప్పు సరుకు అమ్ముతున్నాం. ఇరవయ్యేళ్ళ నుంచి ఫ్లెక్సీలేస్తన్నా. మనోళ్ళు యాపారం పేరుకి డబ్బియ్యరే. మొహానికిస్తారు."

అలా దొరికాడు గుంటూరు పున్నయ్య, భగభగ కారం మిల్లు యజమాని. నా ఛాతీ మీద తన ఫొటో, దండం పెడుతూ, టీవీలో కనిపించేట్టు వేస్తామనేసరికి కుర్చీలోంచి లేచాడు. సగం డబ్బు అప్పుడే కిష్టారెడ్డికి పంపించాడు. మిగతాది మొదటి పందెం రోజున ట్రాకు దగ్గరే ఇస్తానన్నాడు.

పున్నయ్య ఒక్కడితో ఆగితే అది ఫ్లెక్సీ ఎందుకవుతుంది? ఆయన ఛాతీ మీదకొచ్చాక తమ్ముడు కుడిభుజం అడిగాడు. తమ్ముడికిస్తే బావమరిది ఊరుకోడు. కొడుకులు మోచేతుల మీదికి, అల్లుడు తొడ మీదికి చేరారు. వీపంతా పున్నయ్య కీర్తిశేషులైన నాన్నగారు, చుట్టూ వెలుగు, కింద 'ఆశీస్సులతో'. బావమరిది మోకాలి మీద పడ్డాడు. నీరజ కూర్చుంటే ఆయన గడ్డం వెళ్ళి నుదుటికి ఆనుతోంది. ఆయన అలిగి రెండు రోజులు మిల్లుకు రాలేదు. అల్లుడి తలకాయ తమ్ముడి తలకాయ కంటే పెద్దదిగా పడిందని ఇంకో పంచాయతీ జరిగింది. కేంద్ర మంత్రివర్గం కూర్పు కూడా ఇంత కష్టపడి చేయరేమో.

అన్నీ సర్ది, వీర్రాజు తన షాపులోనే అచ్చువేసి, తన చేత్తోనే నా మీద అతికించాడు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే, ఆ పనిలో ఆయనకు తిరుగులేదు. అందుకే అంత పెద్ద తప్పు చేయగలిగాడు. నిప్పంటుకోని నా ఒంటి నిండా కూడళ్ళలో కట్టే ఫ్లెక్సీ ప్లాస్టిక్కు అంటించాడు.

మొదటి పందెం చెన్నై అవతలి ట్రాకులో. పున్నయ్య రెండు బస్సుల బంధువులతో, డప్పులతో దిగాడు. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, గుమ్మడికాయ కొట్టించబోతే అధికారులు అడ్డుపడ్డారు. అంతలో దుస్తులు తనిఖీ చేసే అధికారి వచ్చి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. వీపు తిప్పి నాన్నగారిని చూశాడు. గోటితో అల్లుడి చెవి కొంచెం లేపి, వాసన పీల్చి, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. కారు అంటుకుంటే ఈ ప్లాస్టిక్కు కరిగి అమ్మాయి ఒంటికి అతుక్కుపోతుంది. ఇది పీకేస్తేనే పందెంలోకి పంపిస్తాడు.

వీర్రాజు నేల మీద కూలబడ్డాడు. పున్నయ్యకు తెలుగులో చెప్పాల్సిన పని నీరజ మీద పడింది.

"పీకుడేందమ్మాయ్?" అన్నాడు పున్నయ్య. "మా నాయన్ని పీకుతారా? ఫొటోల్లేకపోతే డబ్బు లేదు. నా సగం కూడా ఎనక్కియ్యండి."

కిష్టారెడ్డి గ్యారేజీ మూలకు చూసి తలాడించాడు. అక్కడ కొత్త సూటు తొడుక్కున్న హోటళ్ళ కుర్రాడు ఐస్‌క్రీము తింటున్నాడు. పుల్ల పారేసి హెల్మెట్ అందుకున్నాడు.

అప్పుడు మాత్రం నీరజ గుండె తడబడింది. నేను విన్నాను. ఒక్క క్షణమే. తర్వాత ఆమె వంగి, మోకాలి మీది బావమరిదిని ఒక మూల నుంచి పట్టుకుని చర్రున లాగేసింది. తొడ మీది అల్లుడిని లాగింది. కొడుకుల్ని, తమ్ముణ్ణి లాగింది. చివరికి చేయి ఛాతీ మీదికొచ్చింది.

"బాబాయ్ గారూ, ఒక మాట చెప్తాను. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో టీవీలో ఎవరికి తెలుసుద్ది?"

పున్నయ్య కుర్రాడి చేతిలోని హెల్మెట్ వైపు చూశాడు.

"నేను మొదటి ముగ్గుర్లో వస్తే ఈ సూటు మీకిస్తాను. మీరే తొడుక్కుని, కప్పు పట్టుకుని, గెలిచినవాళ్ళ మెట్టెక్కి ఫొటో దిగండి. గుంటూరు నిండా ఫ్లెక్సీలు మామయ్య వేస్తాడు. నేను రాలేదనుకోండి, మీ సగం మా నాన్న కడతాడు."

నేల మీంచి వీర్రాజు అందుకున్నాడు. "ఊరు పొలిమేర దాకా ఉచితంగా ఏస్తానండీ."

పున్నయ్య తన పొట్ట చూసుకున్నాడు. నన్ను చూశాడు. "పట్టుద్దంటావా?" అన్నాడు.

ఛాతీ మీది ఫొటోను నీరజ, వీపు మీది నాన్నగారిని వీర్రాజు లాగేశారు. కిష్టారెడ్డి మళ్ళీ మూలకు చూసి అడ్డంగా తలాడించాడు. కుర్రాడు హెల్మెట్ పక్కన పెట్టేసి ఇంకో ఐస్‌క్రీము తెప్పించుకున్నాడు.

పందెం గురించి నాకు తెలిసింది ఇంతే. బెల్టులు బిగిశాయి. వేడి. కుట్టుమిషను లెక్క. సగం పందెం అయ్యేసరికి చెమటకు బరువెక్కాను. చెవిలోని రేడియోలో కిష్టారెడ్డి గొంతు నాలుగో స్థానమని చెప్పింది. మళ్ళీ నాలుగో స్థానమంది. ఆఖరి చుట్టులో ఆ గొంతు, బ్రేకు బిడ్డా బ్రేకు, అని అరిచింది. ఆమె కాలు బ్రేకు మీదికి వెళ్ళలేదు. నా మోకాలి దగ్గర, బావమరిది వదిలిన జిగురు మీద, కాలు గట్టిపడి నిలబడింది. ఒకటి, రెండు లెక్కపెట్టేంతసేపు. అప్పుడు నొక్కింది. పక్కన ఇంకో ఇంజను శబ్దం ముందు నుంచి వెనక్కి జారిపోయింది.

మూడో స్థానం.

అసలు సన్మానం నీరజకే జరిగింది. అందరూ వెళ్ళాక, ఖాళీ మెట్టు వెనక ఆమె నన్ను విప్పి ఇచ్చింది. లోపలి తెల్లబట్టల మీద వీర్రాజు తన కండువా కప్పాడు. పున్నయ్య నాలో దిగాడు. జిప్పు బొడ్డు దాకా ఎక్కి ఆగింది. ఇద్దరు కొడుకులు చెరోవైపు పట్టి లాగితే ఛాతీ దాకా వచ్చింది గానీ, వెనక నా కుట్టు చప్పుడు చేస్తూ విడిపోయింది. ఫొటోలో వెనక కనపడదు.

వారం తిరక్కుండా గుంటూరు కూడళ్ళన్నీ నిండిపోయాయి. హెల్మెట్ చంకలో పెట్టుకున్న పున్నయ్య, చేతిలో కప్పు, పైన 'కారు పందెంలో మూడో స్థానం సాధించిన మన పున్నయ్య గారికి శుభాకాంక్షలు'. చుట్టూ తమ్ముడు, బావమరిది, కొడుకులు, అల్లుడు. అట్టడుగున, కుడివైపు మూల, అభినందించేవాళ్ళ గుండ్రాల్లో ఆఖరి గుండ్రంలో నీరజ.

మిగతా డబ్బు కిష్టారెడ్డికి చేరింది. నీరజ కొత్త సూటుతో ఆ సీజనంతా తోలింది.

నేను ఇప్పుడు గుంటూరులో, భగభగ కారం మిల్లు ఆఫీసులో, అద్దాల బీరువాలో వేలాడుతున్నాను. కారప్పొడి సందుల్లోంచి దూరి నా తెలుపు రోజురోజుకీ ఎర్రబడుతోంది. వచ్చినవాళ్ళకు పున్నయ్య నన్ను చూపించి, ఆఖరి మలుపు దగ్గర బ్రేకు ఎందుకు వేయలేదో వివరిస్తాడు. మొదట్లో 'మన అమ్మాయి' అనేవాడు. తర్వాత 'మేం' అన్నాడు. ఈ మధ్య 'నేను'.

మొన్న నీరజ వచ్చింది, పై తరగతి పందేల్లో సీటు కోసం. ఆయన చెక్కు మీద సంతకం పెడుతూ, మలుపుల్లో తొందరపడొద్దని జాగ్రత్తలు చెప్పాడు. ఆమె బుద్ధిగా విని, "అట్టాగే బాబాయ్ గారూ, మీరు అప్పుడు బాగా తోలారు" అంది.

వెళ్తూ బీరువా దగ్గర ఆగింది. నా నడుంపట్టీ మీద తన పేరు లేదు. దర్జీని పిలిపించి పున్నయ్య దాన్ని విప్పించాడు, అదే ఎర్రదారంతో తన పేరు కుట్టించాడు. పక్కనున్న బి పాజిటివ్‌ని ఏం చేయమంటారని దర్జీ అడిగితే, అదేదో మూడో స్థానానికి ఇచ్చే గ్రేడని, జాగ్రత్తగా ఉంచమన్నాడు.

పున్నయ్య రక్తం ఓ పాజిటివ్.

నీరజ అద్దం మీద వేలు పెట్టి ఆ రెండు మాటల్ని చదువుకుంది. నవ్వు ఆపుకోలేక, ఘాటుకు దగ్గు వచ్చినట్టు దగ్గుతూ మెట్లు దిగింది.