ఒక్క మూతే పోశాను

ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టే ఆమెకు, కొత్త మాపు ఇంటికొచ్చిన వారానికే ప్రాణం విసిగిపోయింది. నడుం వంచక్కర్లేదు, చేత్తో పిండక్కర్లేదు, బకెట్లోని జాలీలో పెట్టి కర్రను కిందికి నొక్కితే కుచ్చు తనంతట తానే తిరిగి నీళ్లు వదిలేస్తుందని భర్త మోజుపడి తెచ్చాడు. తిరగడానికేం, బొంగరంలా తిరిగింది. నేల మాత్రం తుడిచిన గంటకే జిగురు పట్టేది. అడుగు తీసి అడుగు వేస్తే చెప్పు పటపటమంటూ ఊడేది. దారప్పోగులు చీపురుకు లొంగకుండా నేలకే అతుక్కునేవి. కొలతలివ్వడానికి వచ్చిన టీచరమ్మ, పంచదార నీళ్లేమైనా ఒలికాయా అని అడిగేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

రెండోసారి తుడిస్తే జిగురు ఇంకా పెరిగింది. పాత గుడ్డే నయమని అత్తగారు సణిగింది. నీకు సరిగ్గా తిప్పడం రావట్లేదేమోనన్నాడు భర్త. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

చివరికి మాపు చంకన పెట్టుకుని కొన్న దుకాణానికే వెళ్లింది. దుకాణదారు కుచ్చును తడిపి పిండాడు. గుప్పెడు నురగ వచ్చింది. ఈ సన్నటి పోగులే మురికిని పట్టుకుంటాయని, తుడిచే నీళ్లలో కలిపే వాసన మందు ఎక్కువైతే అవి పూడుకుపోయి, ఆ మందే నేల మీద పొరలా మిగిలి దుమ్మును అంటించుకుంటుందని చెప్పాడు. బకెట్టుకు ఎంత పోస్తున్నారని అడిగాడు.

"ఒక్క మూతే."

"ఇది ఒక్క మూత నురగ కాదమ్మా."

అబద్ధాలకోరునన్నట్టు చూశాడని దారి పొడుగునా ఉడుక్కుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున బకెట్టు నింపి, ఒక్క మూత కొలిచి పోసింది. ఇంతలో ఎవరో ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వస్తే ముందు గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అత్తగారు బకెట్టు మీద సీసా వంచుతోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఓ మూత వేస్తున్నానే. వాసన రాకపోతే శుభ్రమైందని ఎలా తెలుస్తుంది?"

గడ్డం గీసుకుంటున్న భర్త నురగ మొహంతోనే తొంగిచూశాడు. "నువ్వూ పోస్తున్నావా అమ్మా? నేల జిగురుగా ఉంటోందని నేను రోజూ రెండు మూతలు పోస్తున్నాను."

ముందు ఎవరి మీద విరుచుకుపడాలో ఆమెకు తేలలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే వద్దంటావుగా," అన్నాడాయన.

ఆమె మాపు ఆయన చేతిలో పెట్టింది. కుచ్చును నురగ పోయేదాకా వేడినీళ్లలో జాడించి, ఉత్త నీళ్లతో తుడవమంది. మూడు బకెట్లు మార్చినా నురగ తేలుతూనే ఉంది. నాలుగోదానికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది, ఆఫీసు వేళా మించిపోయింది. నేల ఆరాక అత్తగారు వట్టికాళ్లతో అటూ ఇటూ నడిచి చూసింది.

"బాగానే ఉంది. వాసనే లేదు," అంది.

ఇకమీదట బకెట్లో చెయ్యి పెట్టినవాళ్లే ఇల్లంతా తుడవాలని కోడలు ఇద్దరికీ కలిపి చెప్పి, మిషను ముందు కూర్చుంది. కాసేపటికి అత్తగారు సీసాకు మూత బిగించి, స్నానాలగదిలో పై అరలో పెట్టేసి వచ్చింది.