చాలు

పొద్దున ఆకాశం తోమని గిన్నెలా జిడ్డుగా ఉంది. వాన కురవదు, ఎండ కాయదు. ధాన్యం గోదాములో ఆయన ఒక్కో బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజల్లో ఒకటి పంటికింద పెట్టుకుంటున్నాడు. టక్కుమంటే ఎండినట్టు. నలిగితే తడి. ముప్పైరెండేళ్లుగా అదే పని. ముందుపళ్లు అరిగి సగమయ్యాయి. వ్యాపారి ఎన్ని ఒట్లు పెట్టినా, కొరక్కుండా తలాడించింది లేదు. ఇవాళ మూడు బస్తాలు ముక్కిపోయాయి. ఎంత ఉమ్మినా ఆ చేదు నాలుకను వదల్లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాదన గుమ్మం దాకా వినపడుతోంది. భార్య మంచానికి తలవైపు ఆమె అన్న, కాళ్లవైపు తన తమ్ముడు. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండని డాక్టరు చెప్పిన రోజునుంచీ ఇదే తంతు.

“దేవుడు లేడని రుజువు చెయ్యి చూద్దాం!” అన్నాడు బావమరిది. పెదవుల మూలల్లో తెల్లటి నురగ.

“ఉన్నాడన్నది మీరు. చూపించాల్సిందీ మీరే. మా అటకమీద ఏనుగుందంటాను, లేదని నిరూపిస్తారా?” అన్నాడు తమ్ముడు.

“అటకమీద ఏనుగు సంగతేమోగానీ, మంచం దగ్గర గాడిదైతే కనబడుతోంది.”

ఇద్దరూ నవ్వారు.

ఆమె కళ్లతో పిలిచింది. వంగాడు. “వీళ్లని కాసేపు ఊరుకోమనండి” అంది.

“బయటికెళ్లి మాట్లాడుకోండయ్యా.”

“ఈ ఒక్క మాటా తేలనీ బావా.”

“రెండు నిమిషాలు అన్నయ్యా.”

ఆ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం.

ఆయన చెంచాతో నీళ్లు పట్టాడు. ఒకటి. రెండు. మూడోది పెదవి పక్కనుంచి కారింది.

“చాలు” అంది. ఆ తర్వాత గుటక పడలేదు.

వాదన ఆగింది. ఎంతసేపని?

“విన్నావా? ఈ లోకం చాలనుకుంది. నా చెల్లెలికి పిలుపు అందింది” అన్నాడు బావమరిది, కళ్లు తుడుచుకుంటూనే.

“మీ ప్రార్థనలు చాలంది. వదినకి మొదట్నుంచీ వాటిమీద నమ్మకం లేదు.”

“నీళ్లు చాలంది” అన్నాడు ఆయన. చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

ఇద్దరూ ఆయన్ని జాలిగా చూశారు. “నీళ్ల గురించే అన్నదని రుజువేంటి అన్నయ్యా?” అన్నాడు తమ్ముడు మెత్తగా. “అదీ నిజమే బావా” అన్నాడు బావమరిది.

వడ్డిస్తుంటే అనే చాలు వేరు, విసుగెత్తి అనే చాలు వేరు. ఎండు గింజకూ తడి గింజకూ ఉన్నంత తేడా. కొరికి ఎవరికి చూపిస్తాడు?

పొద్దు వాలేలోగా శ్మశానంలో అంతా అయిపోయింది. పొరుగింటామె అన్నం తెచ్చి ముగ్గురికీ వడ్డించింది. భార్య అడిగిన నిశ్శబ్దం ఇప్పుడొచ్చింది, ఆకలి పుణ్యమా అని. కంచం నిండిపోతుంటే బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడుగానీ ఆ మాట అనలేదు. తమ్ముడూ అనలేదు. ఆయన తలెత్తకుండా నమిలాడు.

మంచం పట్టకముందు కిటికీ తెరకు భార్య గుచ్చి ఉంచిన సూది అలాగే ఉంది, బెజ్జంలో జానెడు నల్లదారంతో.